నాగావళి గట్టు నుంచి గ్రాంటు దాకా: ఒడిశా సరిహద్దు జిల్లాల యువ పర్యావరణ పరిశోధకులకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల తెలుగు ఇళ్ల నుంచి వచ్చి, పర్యావరణ శాస్త్రంలోనో దానికి దగ్గరగా ఉండే రసాయన, జీవ, భూగర్భ శాస్త్రాల్లోనో పరిశోధన చేస్తున్నవారు ప్రభుత్వ నిధుల సంగతి వచ్చేసరికి తరచుగా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ అంశం మీద రాస్తే డబ్బు వస్తుంది? ఈ ప్రశ్న అడగవలసిందే గాని, మొదట అడగవలసింది కాదు. కేంద్ర పథకాల్లో దరఖాస్తుదారు వృత్తిలో ఏ దశలో ఉన్నారో, వారి వెనుక ఏ సంస్థ నిలబడుతుందో ముందు చూస్తారు. ఆ రెండూ నిబంధనలకు సరిపోయిన తర్వాతే ప్రతిపాదన నిపుణుల చేతికి వెళుతుంది. అంశం ఎంత గొప్పదైనా, దశ తప్పితే ఫైలు గడప దగ్గరే ఆగిపోతుంది.

అందుకే ఈ మార్గదర్శి కూడా అదే వరుసలో నడుస్తుంది. చెప్పే మాట గాలిలో తేలిపోకుండా ఒక ఊహాత్మక ప్రతిపాదనను చివరిదాకా వెంట తీసుకువెళదాం: కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి దిగి, శ్రీకాకుళం దాటి బంగాళాఖాతంలో కలిసే నాగావళి నది ఒండ్రులో లోహాల అధ్యయనం.

మొదటి మెట్టు: మీ దశను తేదీలతో తేల్చుకోవడం

ఒక తెల్లకాగితం మీద నాలుగు తేదీలు రాసుకోండి. పుట్టిన తేదీ, పీజీ పూర్తయిన తేదీ, పీహెచ్‌డీ పట్టా చేతికి వచ్చిన తేదీ, శాశ్వత ఉద్యోగంలో చేరిన తేదీ. ఏ పథకానికి అర్హులో చాలావరకు ఈ నాలుగింటితోనే తేలిపోతుంది. ప్రకటనలో ఇచ్చిన వయోపరిమితిని ఏ తేదీ నాటికి లెక్కిస్తారో కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని పథకాలు దరఖాస్తు గడువు చివరి రోజును, కొన్ని సంవత్సరంలోని ఒక నిర్ణీత తేదీని ఆధారంగా తీసుకుంటాయి.

పీహెచ్‌డీలో చేరబోతున్నవారికి ప్రధాన ద్వారం యూజీసీ నెట్, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తరఫున జరిగే జాతీయ అర్హత పరీక్ష. ఇక్కడ మనవాళ్లు తరచు పడే తికమక ఒకటుంది. సైన్సు విద్యార్థులు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) నెట్ రాయాలని అందరూ చెబుతారు గాని, ఆ పరీక్షలో పర్యావరణ శాస్త్రం విడి సబ్జెక్టుగా లేదు. అది యూజీసీ నెట్ జాబితాలో 89వ సంఖ్యతో ఉంది. జీవశాస్త్రంలోనో భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాల్లోనో గట్టి పట్టు ఉన్నవారు సీఎస్ఐఆర్ వైపు వెళ్లవచ్చు. ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం చదివినవారు యూజీసీ నెట్ రాయడమే సహజం. ఈ పరీక్షతో వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)కు వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ 5 ఏళ్ల సడలింపు ఉంది. 2023 జనవరి 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, తర్వాతి మెట్టయిన సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. పీజీలో విశ్వవిద్యాలయ ప్రథమ స్థానం వచ్చినవారు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌ను మరచిపోకూడదు. సవర, జాతాపు, కోంధు వంటి గిరిజన కుటుంబాల నుంచి వచ్చినవారికి గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తోంది. అన్నదమ్ములు లేని ఏకైక ఆడపిల్ల అయితే యూజీసీ సావిత్రీబాయి జ్యోతిరావ్ ఫూలే ఫెలోషిప్ ఉంది.

పీహెచ్‌డీ పూర్తయి, శాశ్వత ఉద్యోగం ఇంకా దొరకనివారిది రెండో దశ. నిజానికి ఒడిశా కళాశాలల్లో గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెబుతున్న చాలామంది ఈ దశలోనే ఉన్నారు, కాని తమను మూడో దశలో ఉన్నట్టు భావించుకుని అక్కడి పథకాలకు దరఖాస్తు పెట్టి తిరస్కరణ పొందుతున్నారు. అతిథి అధ్యాపకత్వం శాశ్వత ఉద్యోగం కాదు. వీరికి తగినది నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్. వయోపరిమితి 35 ఏళ్లు, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ సడలింపు ఉంది, కాలం రెండేళ్లు, ఒక శాశ్వత ఆచార్యుడు మార్గదర్శిగా ఉండాలి. మరింత బలమైన ప్రచురణలు ఉన్నవారికి ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్: ఐదేళ్ల పాటు నెలకు 1,25,000 రూపాయలు, పరిశోధన ఖర్చులకు ఏటా 7 లక్షలు. దీనికి సాధారణ వయోపరిమితి 32 ఏళ్లే కాబట్టి పీహెచ్‌డీ ఆలస్యమైతే ఈ తలుపు మూసుకుపోతుంది. పెళ్లి, కాన్పు, పిల్లల పెంపకం వల్ల చదువు ఆగిన మహిళలు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వైజ్-కిరణ్ పథకాలను చూడాలి. మధ్యలో వచ్చిన విరామం ఇతర పథకాల్లో లోటుగా కనిపిస్తుంది. ఇక్కడ ఆ విరామాన్ని దృష్టిలో పెట్టుకునే పథకాన్ని రూపొందించారు.

మూడో దశ శాశ్వత అధ్యాపకులుగా లేదా శాస్త్రజ్ఞులుగా కొత్తగా చేరినవారిది. ఇక్కడ పాత పేర్ల చిక్కు ఉంది. పరిశోధన నిధులు ఇచ్చేందుకు 2008 చట్టంతో ఏర్పడిన సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు) ఇప్పుడు లేదు. 2023 చట్టం ద్వారా ఏర్పడి, 2024 ఫిబ్రవరి 5న అమల్లోకి వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో అది కలిసిపోయింది. కాబట్టి సీనియర్లు చెప్పే ఎర్లీ కెరీర్ అవార్డు, స్టార్టప్ రీసెర్చ్ గ్రాంటు, కోర్ గ్రాంటు వంటి పేర్లతో వెతికితే పాత నిబంధనలే దొరుకుతాయి. ఇప్పుడు ఈ దశకు ముఖ్యమైనది ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటు. మూడేళ్లకు 60 లక్షల దాకా, సంస్థ నిర్వహణ ఖర్చులకు ఇచ్చే ఓవర్‌హెడ్ అదనం, వయోపరిమితి 42 ఏళ్లు, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ సడలింపు. ఉద్యోగంలో చేరిన తొలి కాలంలోనే దరఖాస్తు చేయాలన్నది దీని కీలక నిబంధన. చేరిన తేదీ ఏ రోజు తర్వాతిదై ఉండాలో ప్రతి ప్రకటనలోనూ స్పష్టంగా ఇస్తారు. 'ముందు సర్దుకుని, రెండేళ్ల తర్వాత రాద్దాం' అనుకున్నవారు ఈ అవకాశాన్ని శాశ్వతంగా పోగొట్టుకుంటారు. ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు అదే ఫౌండేషన్‌లో ఇన్‌క్లూసివిటీ రీసెర్చ్ గ్రాంటు ఉంది. విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరినవారికి యూజీసీ డి.ఎస్. కొఠారీ పేరిట రెండేళ్లకు 10 లక్షల రూపాయల గ్రాంటు ఇస్తోంది. ఒడిశా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, కళాశాలల అధ్యాపకులకు రాష్ట్ర ఉన్నత విద్యా మండలి ద్వారా ఓయూఆర్ఐఐపీ అనే ప్రణాళికలో చిన్న సీడ్ నిధులు వచ్చాయి. మొత్తం చిన్నదే అయినా, కేంద్ర గ్రాంటుకు కావలసిన ప్రాథమిక ఫలితాలు సంపాదించుకోవడానికి అటువంటి నిధి చాలు.

రెండో మెట్టు: మీ సంస్థ భుజం ఎంత గట్టిదో చూసుకోవడం

గ్రాంటు డబ్బు మీ ఖాతాలోకి రాదు, సంస్థ ఖాతాలోకి వస్తుంది. అందుచేత ప్రిన్సిపాల్ గారి సంతకం కన్నా ముందు అకౌంట్స్ విభాగంతో మాట్లాడండి. కేంద్ర నిధుల చెల్లింపు వ్యవస్థ అయిన పీఎఫ్ఎంఎస్‌లో సంస్థ నమోదై ఉందా, ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో కొనుగోలుదారు ఖాతా ఉందా, ఇంతకు ముందు ఏ కేంద్ర ప్రాజెక్టుకైనా డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం పంపిన అనుభవం ఎవరికైనా ఉందా, యూజీసీ గుర్తింపు పత్రాల ప్రతులు ఎక్కడ ఉన్నాయి అన్నవి తెలుసుకోవాలి. ఈ జవాబుల్లో రెండు మూడు 'లేదు' అని వస్తే నిరాశపడనక్కరలేదు గాని, ఒంటరిగా దరఖాస్తు చేయడం మాత్రం వివేకం కాదు.

అప్పుడు చేయవలసినది బలమైన సంస్థలో ఒక సహ పరిశోధకుడిని వెతుక్కోవడం. మన జిల్లాల అదృష్టం ఏమిటంటే చుట్టుపక్కల అటువంటి సంస్థలు తక్కువేమీ కావు. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం, బరంపురంలోనే ఉన్న కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐఐఎస్ఈఆర్, కోరాపుట్‌లో 2009లో వచ్చిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం, భువనేశ్వర్‌లోని సీఎస్ఐఆర్ ఖనిజ పదార్థాల సంస్థ, సరిహద్దు దాటితే విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. మన నాగావళి ఉదాహరణకు వస్తే, లోహాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ పరికరం రాయగడ కళాశాలలో కొనాలని రాసే ప్రతిపాదన కంటే, అది ఇప్పటికే ఉన్నచోట నమూనాకు ఇంత అని చెల్లించి కొలిపిస్తామని రాసే ప్రతిపాదనను సమీక్షకులు ఎక్కువగా నమ్ముతారు. దేశంలో ఏ పరికరం ఎక్కడ అందుబాటులో ఉందో ఐ-స్టెమ్ జాతీయ పోర్టల్‌లో వెతకవచ్చు.

మూడో మెట్టు: అంశాన్ని ప్రశ్నగా మార్చడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. సరిహద్దు జిల్లాల్లో పర్యావరణ అంశాలకు కొరత లేదు. కోరాపుట్, రాయగడ కొండల బాక్సైట్, పోడు సాగు తగ్గిపోయి యూకలిప్టస్, జీడితోటలు పెరిగిన చోట నేలలో వచ్చిన మార్పు, ఋషికుల్య ముఖద్వారంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు, వంశధార మీద కాశీనగర్ నుంచి గొట్టా దాకా నీటి ప్రవాహం, బాహుదా నదికి ఇటు గంజాం జిల్లాలోనూ అటు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మండలాల్లోనూ ఉన్న భూగర్భ జలం, ఇలా ఎన్నో. అయితే ఇవన్నీ అంశాలే, ప్రశ్నలు కావు. 'నాగావళి కాలుష్యంపై అధ్యయనం' అనే శీర్షిక చూసిన సమీక్షకుడికి ఇందులో తేలవలసినది ఏమిటో అర్థం కాదు.

దాన్ని ఇలా మార్చి చూద్దాం: రాయగడకు ఎగువన, దిగువన, తోటపల్లి జలాశయం దగ్గర నది ఒండ్రులో ఉన్న క్రోమియం, నికెల్, సీసం, జింకులలో కొండ రాతి నుంచి సహజంగా వచ్చినది ఎంత, మనుషుల పనుల వల్ల చేరినది ఎంత, ఈ నిష్పత్తి వర్షాకాలానికీ వేసవికీ మధ్య ఎలా మారుతుంది? ఇప్పుడు కొలవదగిన మాట వచ్చింది. ఫలితం ఎటు వచ్చినా విలువ ఉంటుంది. లోహాలు ఎక్కువగా ఉన్నాయని తేలినా, అవి చాలావరకు రాతివే అని తేలినా, రెండూ కొత్త సమాచారమే.

ఈ ప్రశ్నలో మన నేలకు ప్రత్యేకమైన మెలిక ఒకటి దాగి ఉంది, అదే ప్రతిపాదనకు ప్రాణం. తూర్పు కనుమల ఈ భాగంలో ప్రధానమైన రాయి ఖొండలైట్. కోంధు ప్రజల పేరు మీదనే భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. ఈ రాళ్లూ, వాటి మీద ఏర్పడిన లాటరైట్, బాక్సైట్ పొరలూ ఇనుము, అల్యూమినియం వంటి మూలకాల్లో సమృద్ధంగా ఉంటాయి. చాలా వ్యాసాల్లో ఒండ్రు కాలుష్యాన్ని లెక్కించేటప్పుడు ప్రపంచ సగటు శిలా విలువలను ప్రాతిపదికగా తీసుకుంటారు, రేణువుల తేడాను సరిచేయడానికి అల్యూమినియాన్ని కొలబద్దగా వాడతారు. బాక్సైట్ కొండల కింద పారే నదికి ఈ రెండు అలవాట్లూ ప్రమాదకరమే. స్థానిక ప్రాతిపదికను ఎగువ ఉపనదుల నుంచి తీసుకుంటామని, 63 మైక్రాన్ల కన్నా సన్నని రేణువులనే విశ్లేషిస్తామని, కొలబద్దగా ఏ మూలకం సరిపోతుందో ముందు పరీక్షిస్తామని రెండు వాక్యాల్లో రాస్తే, ఈ పరిశోధకుడికి తన నేల తెలుసునని సమీక్షకుడు గ్రహిస్తాడు. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవారు రాయలేని వాక్యాలు అవి.

ఒక హెచ్చరిక. నది ఒడ్డున ఉన్న పరిశ్రమల పేర్లు శీర్షికలో పెట్టి, దోషం వారిదేనని ముందే తీర్పు చెప్పే ప్రతిపాదనలు ఉద్యమ కరపత్రాలుగా మంచివి కావచ్చు, పరిశోధన ప్రతిపాదనలుగా బలహీనమైనవి. నమూనా స్థలాలను ఎగువ, దిగువలుగా పెట్టుకుంటే నిజం దానంతటదే బయటపడుతుంది. అలాగే తాగునీటి ప్రమాణాలైన ఐఎస్ 10500లోని పరిమితులను ఒండ్రుకు అన్వయించే పొరపాటు చేయవద్దు. సీసానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు అన్నది నీటికి చెందిన మాట, మట్టికి కాదు.

ప్రశ్న స్థిరపడగానే ఇప్పటికే ఉన్న దత్తాంశాలను చూడాలి. కేంద్ర జల సంఘం ప్రవాహ లెక్కలు ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్ పోర్టల్‌లో దొరుకుతాయి. నీటి నాణ్యత కొలతలు ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్ల దగ్గర వేర్వేరుగా ఉంటాయి. భూగర్భ జల సమాచారం కోసమైతే ఇటువైపు బావులకు కేంద్ర భూగర్భ జల మండలి భువనేశ్వర్ కార్యాలయాన్ని, అటువైపు బావులకు హైదరాబాద్ కార్యాలయాన్ని అడగవలసి వస్తుంది. ఒకే నీటి పొర, రెండు దస్త్రాలు. ఉద్దానం కిడ్నీ వ్యాధి గురించిన నీటి పరిశోధనలు శ్రీకాకుళం జిల్లా గ్రామాల చుట్టూ కేంద్రీకృతమైనప్పుడు, బాహుదాకు ఇవతల ఉన్న ఒడిశా గ్రామాలు పోలికకు ఎంత విలువైనవో సరిహద్దు పరిశోధకులకే బాగా కనిపిస్తుంది. అటువంటి ప్రశ్నలో మనుషుల ఆరోగ్య కొలతలు కూడా చేరితే నిధి కోసం వైద్య పరిశోధన మండలి వైపు, గనుల ప్రభావం ప్రధానమైతే గనుల మంత్రిత్వ శాఖ శాస్త్ర సాంకేతిక కార్యక్రమం వైపు, ఉపగ్రహ చిత్రాలతో పోడు భూముల మార్పును చదివేదైతే ఇస్రో రెస్పాండ్ కార్యక్రమం వైపు కూడా చూడాలి.

నాలుగో మెట్టు: అనుమతుల దారి ముందే వేసుకోవడం

నిధి వచ్చాక అనుమతులు చూసుకుందాం అనుకోవడం మొదటి సంవత్సరాన్ని మింగేసే పొరపాటు. అభయారణ్యం లోపలికి, ఉదాహరణకు గజపతి జిల్లాలోని లఖారీ లోయలోకి, పరిశోధనకు వెళ్లాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి కావాలి. రిజర్వు అడవిలో మట్టి తీయాలన్నా డివిజనల్ అటవీ అధికారితో ముందు మాట్లాడాలి. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాలు పూర్తిగా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాలు. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, పర్లాకిమిడి తహసీలులోని గుమ్మ, రాయగడ బ్లాకులు మాత్రమే ఆ కోవలోకి వస్తాయి. ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు; దరఖాస్తుల్లో ఈ రెండూ కలగాపులగమైన సందర్భాలు ఉన్నాయి కాబట్టి జిల్లా పేరు కలిపి రాయడం మంచిది. షెడ్యూలు ప్రాంత గ్రామాల్లో పని చేసేటప్పుడు గ్రామసభకు ముందుగా విషయం చెప్పి, వారి సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోవడం మర్యాద మాత్రమే కాదు, ఫీల్డ్ పని నిరాటంకంగా సాగడానికి ఏకైక మార్గం. ఇంటింటి సర్వే ఉంటే సంస్థ నైతిక సమితి ఆమోదం, డ్రోన్ ఎగరేస్తే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం నమోదు కావాలి.

నమూనా స్థలాల పటం గీసేటప్పుడు మరొక సున్నితమైన విషయం. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, ఆంధ్రప్రదేశ్ పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ మధ్య ఉన్న కొటియా ప్రాంతపు 21 గ్రామాల మీద రెండు రాష్ట్రాల వివాదం సుప్రీంకోర్టులో ఉంది. అక్కడ స్థలం పెట్టుకుంటే ఎవరి అనుమతి తీసుకోవాలన్నదే ఒక ప్రశ్న అవుతుంది. తొలి ప్రాజెక్టులో ఆ స్థలాలను వదిలేయడమే నా సలహా. మన నాగావళి ప్రతిపాదనలో నది సరిహద్దు దాటుతుంది కాబట్టి, ఆంధ్ర భాగంలోని నమూనాలకు అక్కడి విశ్వవిద్యాలయానికి చెందిన సహ పరిశోధకుడు బాధ్యత తీసుకుంటే చిక్కు సగం తీరుతుంది.

ఐదో మెట్టు: ప్రతిపాదన, బడ్జెట్ రాయడం

ప్రతిపాదన ఇంగ్లీషులో పంపాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చదివినవారికి నేను చెప్పే మార్గం ఇది: మొదట మీ తర్కాన్ని తెలుగులో ఒక పేజీలో రాయండి. ఎందుకు, ఏమిటి, ఎక్కడ, ఎలా, తేలితే ఎవరికి పని వస్తుంది అన్నవి అమ్మకో తమ్ముడికో చదివి వినిపించి, వారికి అర్థమైతేనే ఇంగ్లీషులోకి వెళ్లండి. తర్కం తెగిన చోట ఎంత మంచి ఇంగ్లీషూ దాన్ని దాచలేదు. లక్ష్యాలు మూడుకు మించకూడదు. ప్రతి లక్ష్యానికి ఒక పద్ధతి, ఒక ఫలితం, ఒక కాలవ్యవధి ఎదురుగా కనబడాలి.

బడ్జెట్ నమూనాల సంఖ్య నుంచి మొదలు కావాలి. మొత్తాన్ని ముందే అనుకుని దాన్ని పద్దులుగా పంచుకుంటూ పోతే ఆ లెక్క సమీక్షకుడికి ఇట్టే పట్టుబడుతుంది. నాగావళిలో 12 స్థలాలు, ఏడాదికి 3 ఋతువులు, 2 సంవత్సరాలు అంటే 72 సందర్భాలు. ఒక్కో సందర్భంలో 3 ప్రతులు తీసుకుంటే 216 నమూనాలు. నాణ్యత పరీక్షకు సుమారు పదో వంతు ఒండ్రు లేని ఖాళీ నమూనాలు, రెండోసారి కొలిచే ద్వంద్వ నమూనాలు కలిపితే దాదాపు 238. ఇప్పుడు సీసాలు, ఆమ్లాలు, విశ్లేషణ రుసుము అన్నీ ఈ సంఖ్య నుంచే వస్తాయి. జూనియర్ పరిశోధకుడి నియామకానికి పథకం అనుమతిస్తే, రెండేళ్లు 37,000 చొప్పున, మూడో ఏడాది 42,000 చొప్పున, ఇంటి అద్దె భత్యం కలపకుండా 13,92,000 రూపాయలు అవుతుంది. 60 లక్షల గ్రాంటులో ఇది నాలుగో వంతుకు కొంచెం తక్కువ. మూడో ఏడాది వేతనం పెరుగుతుందన్న సంగతి మరచి అదే 37,000తో లెక్క వేసే పొరపాటు తరచుగా జరుగుతుంది.

ప్రయాణ ఖర్చు దగ్గర మైదానపు అలవాట్లు పనికిరావు. రాయగడ నుంచి కల్యాణ్‌సింగ్‌పూర్ వైపు నది వెంబడి ఒక విడత నమూనాలు తీయడానికి అద్దె బండి, డ్రైవరు, ఐసు పెట్టెలు, వానాకాలంలో అదనంగా ఒక రోజు అన్నీ చూపాలి. తక్కువ రాస్తే వినయంగా ఉంటుందనుకునేవారు రెండో ఏడాదిలో సొంత జేబు తడుముకుంటారు. ఒక పద్దు నుంచి మరో పద్దుకు డబ్బు మార్చడానికి పరిమితులు ఉంటాయి కాబట్టి ఇప్పుడే నిజం రాయడం మేలు.

ఆరో మెట్టు: పత్రాలు, పేర్లు, గడువు

మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది పేరు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా చివర ఉంటుంది, ప్రచురణల్లో మూడో రూపం కనిపిస్తుంది. దరఖాస్తుకు ఆరు నెలల ముందే ఒక రూపాన్ని ఖాయం చేసుకుని, ఆధార్, పాన్ సరిచేయించుకుని, పరిశోధకులకు గుర్తింపు సంఖ్య ఇచ్చే ఓఆర్‌సీఐడీ ఖాతాలో అన్ని ప్రచురణలనూ ఒకే పేరు కింద చేర్చుకోవాలి.

రెండోది కులధ్రువపత్రం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. తండ్రి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి గుణుపురంలో స్థిరపడి ఉంటే, ఆ కులం ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉండి ఒడిశా జాబితాలో లేకపోవచ్చు. 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా మరో రాష్ట్రానికి వలస వెళ్లినప్పుడు వెంట రాదు. కాబట్టి ఒడిశా రాష్ట్ర పథకాలకు ఒడిశా జాబితా ప్రకారం తహసీల్దార్ ఇచ్చిన పత్రం, కేంద్ర పథకాలకు కేంద్రం సూచించిన నమూనాలో ఉన్న పత్రం అన్న తేడాను గుర్తించాలి. ఓబీసీలకు నాన్ క్రీమీలేయర్ పత్రం ప్రస్తుత ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. రాష్ట్ర నిధులకు నివాస ధ్రువపత్రం కూడా అడుగుతారు.

సంస్థ ఆమోద పత్రం మీద సంతకం, ముద్ర, తేదీ మూడూ ఉండాలి. నా మొదటి దరఖాస్తు ఆ తేదీ లేకపోవడం వల్లనే సాంకేతిక తనిఖీలో తిరిగి వచ్చింది. సంతకం చేసిన పెద్దాయన ఆ వారం ఊళ్లో లేరు, గడువు దాటిపోయింది. అప్పటి నుంచి గడువుకు పది రోజుల ముందే అన్నీ పోర్టల్‌లోకి ఎక్కించడం అలవాటు చేసుకున్నాను. పైగా చివరి రాత్రి రాయగడలో కరెంటు ఉంటుందన్న భరోసా ఎవరిస్తారు?

ఏడో మెట్టు: జవాబు వచ్చిన తర్వాత

ఫలితానికి నెలలు పడుతుంది. తిరస్కరణ వస్తే సమీక్షకుల వ్యాఖ్యలు ఇచ్చారేమో పోర్టల్‌లో చూసి, పద్ధతి మీద వచ్చినవాటిని, అర్హత మీద వచ్చినవాటిని విడదీసి, మొదటివాటిని మాత్రమే సవరించి తర్వాతి ప్రకటనకు సిద్ధం కావాలి. అర్హత విషయంలో వాదించి గెలిచినవారిని నేను చూడలేదు.

మంజూరు వస్తే ఆ ఉత్తర్వును మీరు, అకౌంట్స్ గుమాస్తా కలిసి కూర్చుని వాక్యం వాక్యం చదవాలి. ఏ పద్దు ఏ ఏడాది ఎంత, పరికరాలు ఎప్పటిలోగా కొనాలి, నియామకానికి ఏ ప్రకటన పద్ధతి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. కొనుగోళ్లు జెమ్ ద్వారా, 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం జరగాలి. రసీదుల నకళ్లు మీ దగ్గర కూడా ఉంచుకోండి. సంస్థ ఫైలులో ఉన్నాయి కదా అనుకుంటే, గుమాస్తా బదిలీ అయిన రోజున వాటి జాడ తెలియదు. నమూనాల పుస్తకాన్ని కూడా బిల్లుల పుస్తకంలాగే చూడాలి. ఏ రోజు, ఏ స్థలం, ఎవరు తీశారు, నది ఎలా ఉంది అన్నవి సిరాతో రాసి ఉంచాలి, ఎందుకంటే పురోగతి సమీక్షలో అడిగే మొదటి ప్రశ్న ఖర్చు గురించి కాదు, ఆ ఖర్చుతో ఏం తీశారని.

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగియగానే ఖర్చుల పట్టిక, సాధారణ ఆర్థిక నియమాల్లోని (జీఎఫ్ఆర్) 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం, వార్షిక పురోగతి నివేదిక సిద్ధం చేయాలి. ఇవి పోర్టల్‌లోకి ఎక్కితేనే తర్వాతి విడత విడుదలవుతుంది. మార్చిలో పరీక్షల పనిలో పడి దీన్ని జూన్ దాకా వాయిదా వేస్తే, ఆ మూడు నెలలూ జూనియర్ పరిశోధకుడికి జీతం లేకుండా గడుస్తుంది. వ్యాసాల్లో గ్రాంటు సంఖ్యతో సహా నిధి ఇచ్చిన సంస్థను పేర్కొనాలి. మధ్యలో మీరు వేరే సంస్థకు బదిలీ అయితే ప్రాజెక్టు కూడా వెంట రావాలంటే రెండు సంస్థల నిరభ్యంతర పత్రాలు, నిధి ఇచ్చిన సంస్థ ఆమోదం ముందుగానే కావాలి, పరికరాల తరలింపు ఆ తర్వాత సంగతి.

ప్రాజెక్టు ముగిశాక తుది నివేదికతో పాటు మిగిలిన సొమ్మును, గ్రాంటు ఖాతా మీద వచ్చిన వడ్డీని కేంద్రానికి తిరిగి కట్టాలి. ఆ వడ్డీ వందల్లోనే ఉన్నా సరే, కేంద్రానికి సొమ్ము కట్టే పోర్టల్ అయిన భారత్‌కోష్ రసీదు జతచేయని ఫైలు మూసివేతకు నోచుకోదు, అది తెరిచి ఉన్నంతకాలం మీ తర్వాతి దరఖాస్తులో 'పెండింగ్ ప్రాజెక్టులు' అన్న గడిలో ఆ పాత సంఖ్య కనిపిస్తూనే ఉంటుంది.